ఆయ్ అంటే విన్నామనీ

మా పాకకి పేరు లేదు. రేవు పక్కన ఉంది కాబట్టి రేవు పాక అనేవారు. కోటిపల్లి నుంచి పంటు మీద గోదావరి దాటి వచ్చినవాళ్ళు ముక్తేశ్వరంలో బస్సెక్కడానికి నడిచే దారిలో, గట్టుకి ఆనుకుని నాలుగు తాటిదుంగలు, పైన తాటాకు, వెనక ఒక్క మట్టిగోడ. అంతే మా కల్లుకొట్టు. కుర్చీ లేదు, బల్ల లేదు. కూర్చుంటే నేల, కాదంటే బోర్లించిన కుండ. నీడ ఎటు జరిగితే మనుషులూ అటు జరిగేవారు. వానొస్తే పాకలో ఉన్నవాళ్ళ కన్నా బయట ఉన్నవాళ్ళే తక్కువ తడుస్తారని ఎవరో గోడ మీద రాసేరు కూడా.

ఆ గోడకి నేను ఏటా మాఘమాసంలో, కల్లుగీత మొదలయ్యే ముందు, సున్నం వేసేదాన్ని. జ్యేష్ఠానికి మళ్ళీ నల్లబడిపోయేది. నా పొయ్యిలోంచి బొగ్గుముక్క తీసుకుని తాగినవాడల్లా ఏదో ఒకటి రాసి పోయేవాడు. మొదట్లో తిట్టేదాన్ని. తర్వాత తిట్టడం మానేసి చదవడం మొదలుపెట్టేను.

నాకు అక్షరాలు ఎవరూ దిద్దించలేదు. బస్సు నుదుటి మీద అమలాపురం అని ఉంటుందని తెలుసు కాబట్టి దాంట్లో ఏది 'అ', ఏది 'మ' అని పోల్చుకున్నాను. నేను వేయించి అమ్మే ఎండురొయ్యలు పొట్లం కట్టి తెచ్చే పేపరు ముక్కలు చదివేను. ఆ తర్వాత గోడ. నిజం చెప్పాలంటే ఆ గోడ చదవడానికే చదువు నేర్చుకున్నాను. మన గురించి లోకం ఏమనుకుంటోందో ఎదురుగా రాసి ఉండి, అది తెలియకపోతే ఎలా పడుకోవడం? నాది చిన్నప్పట్నుంచీ అలాంటి గుండె. ఎవరు ఎటు వెళ్తున్నా తిరిగి కనపడేదాకా కుదురుండదు. పంటు అవతలికి బయల్దేరుతుంటే, అందులో నాకు తెలిసినవాళ్ళు ఎవరూ లేకపోయినా, మధ్య గోదావరి దాటేవరకూ చూస్తూనే ఉండేదాన్ని.

మా ఆయనకి చదువు రాదు. సాయంత్రం కల్లుకుండలు, మా లొట్లు, కడిగేటప్పుడు అడిగేవారు.

"ఏం రాసేరే ఇవాళ?"

"కల్లు బాగుందట. నీళ్ళు కలపలేదట. బండారులంక ఆదినారాయణ గారు సంతకం కూడా పెట్టేరు."

"ఆయ్. ఇంకా?"

"ఇంకేం లేదు."

ఇంకా ఉండేది. 'ఎండురొయ్యల్లో ఉప్పు ఎక్కువ. పైడమ్మ గారికి చెప్పే మగాడు ఈ రేవులో పుట్టలేదు' అని నా మీద ఉండేది. 'సూర్యారావు కల్లు మంచిది, ఈగలే చెడ్డవి' అని ఆయన మీద ఉండేది. అవి చదివేదాన్ని కాదు. మంచివి ఆయనకి చదివి, చెడ్డవి నేను దాచుకునేదాన్ని.

ఒకే మాట మాత్రం ప్రతి ఏడూ గోడ నిండా కనపడేది. 'ఇంక రాను.' పంటు మీద మోకు విసిరి రేవుకి కట్టే పాపారావు రాత అది. పెళ్ళాం సూరమ్మ ఒట్టు పెట్టించుకున్న రోజు సాయంత్రం వచ్చి, రెండు ముంతలు తాగి, లేచి గోడ మీద 'ఇంక రాను' అని రాసి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయేవాడు. మూడో రోజున మళ్ళీ వచ్చేవాడు. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని గాని, ఆ రెండు మాటలూ పొద్దున్నే చీపురు పట్టుకుని గోడ ముందు నిలబడితే నాకు బాగుండేవి కావు.

మా వైపు ఆయ్ అనే మాట సంగతి కూడా చెప్పాలి. ఎవరైనా ఏదైనా చెబుతుంటే మధ్యమధ్యలో ఆయ్ అంటాం. ఒప్పుకున్నామని కాదు. వింటున్నాం, మీరు చెప్పండి అని. ఒప్పుకున్నా ఆయ్ అనే అంటాం. మా ఆయన ఊళ్ళో అందరికన్నా ఎక్కువ ఆయ్ అనే మనిషి. ఆసాములకీ ఆయ్, అడుక్కునేవాడికీ ఆయ్, నాకూ ఆయ్.

"పెళ్ళానికి ఆయ్ అనే మగాణ్ణి మూడు తాలూకాల్లో నిన్నొక్కణ్ణే చూసేనయ్యా సూర్యారావూ" అనేవారు భీమరాజు గారు. మేం గీసే తాడిచెట్లు ఆయన కొబ్బరితోట గట్ల మీదివే. వరీ కొబ్బరీ ఉన్న ఆసామి. అయినా మా పాకలో బోర్లించిన కుండ మీదే కూర్చునేవారు.

"ఆయ్" అనేవారు మా ఆయన. పాకంతా నవ్వు.

ముప్ఫయ్యారేళ్ళ కాపరంలో ఆ ఆయ్‌ని రెండుగా విడదీయడం నేర్చుకున్నాను. ఊరికే విన్నాననే ఆయ్ అయితే ఆయన చూపు చేతిలో పని మీదే ఉండేది. లొట్టి మీదో, కత్తి నూరే చెక్క మీదో. ఒప్పుకున్న ఆయ్ అయితే తలెత్తి, ఎదుటి మనిషి మొహంలోకి చూసి అనేవారు. అది ఏడాదికి నాలుగైదు సార్లు ఉంటుందేమో.

నేను చెప్పేది తొంభయ్యారు వేసవి మాట.

అప్పటికి సారా పోయి మూడేళ్ళు. బ్రాందీ షాపులు మూతపడి ఏడాది దాటింది. కల్లు ఒక్కటే మిగిలింది. అంతవరకూ మా పాక వైపు తిరిగి చూడనివాళ్ళు కూడా, ఫ్యాంట్లు వేసుకున్నవాళ్ళు, అమలాపురం నుంచి స్కూటర్ల మీద రావడం మొదలుపెట్టేరు. వచ్చి, ముక్కు మూసుకుని, ముంత రెండు వేళ్ళతో పట్టుకునేవారు.

"ఏమండీ, గ్లాసుల్లేవా?"

"లేవండి."

"సోడా?"

"లేదండి."

"కనీసం ఫ్యానన్నా పెట్టించకూడదా?"

"కరెంటు లేదండి" అనేవారు మా ఆయన, తప్పంతా ఆయనదే అయినట్టు. పక్కన ఆదినారాయణ గారు మగ్గం మీద వంగి వంగి వంగిపోయిన వీపుని దుంగకి ఆనించి, "గోదారి గాలొస్తంది కదండీ. కరెంటు కోతుండదు" అనేవారు.

ఆ వేళ వెళ్తూ ఒక స్కూటరాయన గోడ మీద రాసేడు. 'ఫ్యాను లేదు. కుర్చీ లేదు. సోడా లేదు. కల్లు ఉంది.' కింద ఇంకెవరో చేర్చేరు. 'ఇంకేం కావాలిరా నీకు?'

మాకు కలిసొచ్చిందన్నారు అందరూ. నాకు భయం పట్టుకుంది. జనం పెరిగితే కల్లు పెరగాలి. కల్లు పెరగాలంటే చెట్లు పెరగాలి. ఎక్కేది మాత్రం ఒక్కరే. తొమ్మిది చెట్లు గీసే మనిషి ఆ ఏడు పదిహేను పట్టేరు. పొద్దున పదిహేను, సాయంత్రం పదిహేను. ఆయనకి అరవై ఒకటి.

ఎక్కే ముందు ఆయన చేత "ఎక్కొస్తాను" అనిపించుకోవడం నాకలవాటు. ఎక్కుతాను అననిచ్చేదాన్ని కాదు. ఎక్కొస్తాను అనాలి. మా తమ్ముడు అంజిబాబు ఇరవై రెండేళ్ళప్పుడు, "ఎక్కొస్తానక్కా" అనే ఎక్కేడు. రాలేదు. అయినా ఆ మాట అనిపించుకోవడం మానలేకపోయేను.

చైత్రమాసంలో ఒక పొద్దున ఆయన చెట్ల నుంచి తిరిగొచ్చి, తువ్వాలు ఛాతీకి చుట్టుకుని కూర్చున్నారు. చెమటలు కారుతున్నాయి.

"ఇంత ఉక్కలో ఆ తువ్వాలేంటి?"

"ఏం లేదే. చలేసింది."

"చైత్రంలోనా?"

లాగేను. మెడ కింద నుంచి బొడ్డు దాకా చర్మం గీరుకుపోయి ఉంది. నెత్తురు అక్కడక్కడ ఆరి నల్లబడింది. సగం చెట్టు మీద పట్టు తప్పి, చెట్టుని వాటేసుకుని జారేరట. నడుముకి చుట్టిన మోకు ఆపిందట.

"చెట్టు ముద్దెట్టుకుందే" అని నవ్వేరు. నేను నవ్వలేదు. కొబ్బరినూనె రాస్తుంటే ఆయన కత్తిని చెక్క మీద నూరుకుంటున్నారు. చేతులు సన్నగా వణుకుతున్నాయి. నూనె మంటకి అనుకుందామంటే, నూనె మంట చేతుల్లోకి రాదు.

"ఈ ఏడాదితో ఆపేయండి."

"ఆయ్."

"ఉత్తుత్తి ఆయ్ వద్దు. మొన్న లొట్టి జారిపోయిందన్నారు. అంతకు ముందు కత్తి జారిపోయిందన్నారు. ఇవాళ మీరు. ఇంక ఏం మిగిలింది జారడానికి?"

"ఆయ్" అన్నారు మళ్ళీ. చూపు కత్తి మీదే ఉంది.

"ఆపేసి ఏం చేస్తానే?" అన్నారు కత్తి అంచు వేలితో తడుముతూ. "కింద నుంచి చూస్తే చెట్టంటే ఏం కనపడతాదే? మొద్దు. అంతే."

సాయంత్రం మళ్ళీ ఎక్కేరు. నేను వెళ్ళి చెట్టు కింద నిలబడ్డాను. పైనుంచి "ఎందుకే అక్కడ? నువ్వుంటే నాకు కాళ్ళు తేలిపోతాయి" అని కసిరేరు. పాక దగ్గరికొచ్చి, పొయ్యి ముందు కూర్చుని, పదిహేను చెట్లూ లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను. అప్పట్నుంచీ రోజుకి రెండుసార్లు అదే నా పని.

వైశాఖం వచ్చిన కొత్తలో రేవులో ఒకటి జరిగింది. పంటు ఆగేటప్పుడు పాపారావు మోకు విసిరేడు. గుంజకి తగల్లేదు. పంటు వెనక్కి జరిగింది. రామచంద్రపురం కాలేజీ నుంచి పరీక్ష రాసి వస్తున్న పిల్ల ఒకత్తి అప్పుడే కాలు బయట పెట్టింది. పంటుకీ రేవుకీ మధ్య పడింది. తీసేరు. బతికింది. కాలు మాత్రం విరిగింది. దానికి గంట ముందే పాపారావు మా పాకలో మూడు ముంతలు తాగి వెళ్ళేడు. పోసింది నేనే.

మర్నాడు సూరమ్మ వచ్చింది. పాకలోకి ఆడవాళ్ళు రారు. దుంగ అవతలే నిలబడి పిలిచింది.

"వదినా, ఒకసారి ఇటు రా."

చేతిలో కాయితం. ఆడవాళ్ళంతా సంతకాలు, వేలిముద్రలు పెట్టిన అర్జీ. పాక రేవులోంచి తీసేయాలని.

"నీకు చెప్పకుండా ఇవ్వడం ఇష్టం లేక వచ్చేను" అంది. "నీ మీద కోపం లేదు. అన్నయ్య గారు దేవుడులాంటి మనిషి. నీళ్ళు కలపరు, మందు కలపరు, అందరూ అదే చెప్తారు. మంచి కల్లు కాబట్టే కదా నా మొగుడు మూడు తాగేడు? చెడ్డదైతే ఒకటితో లేచేవోడు."

నేను కొంగుతో చేతులు తుడుచుకున్నాను.

"ఆ పిల్ల చచ్చిపోయుంటే ఆణ్ణి జైల్లో పెట్టేవోళ్ళు. ఇంటికి రాని మనిషి కోసం నేను గుమ్మంలో కూర్చునేదాన్ని. నీకు తెలీదా వదినా, ఆ కూర్చోడం?"

"తెలుసు" అన్నాను.

కాయితం నా చేతికిచ్చింది చదవమని. చదివి తిరిగి ఇచ్చేసేను. ఆయనకి చెప్పలేదు. చెడ్డవి దాచడం నాకలవాటే కదా.

పదిహేను రోజుల తర్వాత సారు వచ్చేడు. ఎక్కడో మెట్ట వైపు నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చిన ఎక్సైజు ఆఫీసరు. జీపు దిగేసరికి మధ్యాహ్నం మూడయింది. చెడ్డమనిషి కాదు. ఎండకి ఎర్రబడి, అలిసిపోయి ఉన్నాడు. బోర్లించిన కుండ చూపిస్తే కూర్చున్నాడు. అర్జీ వచ్చింది కాబట్టి అభిప్రాయ సేకరణ చెయ్యాలన్నాడు. పాకలో ఒక వైపు తాగేవాళ్ళు, దుంగల అవతల ఆడవాళ్ళు. మా ఆయన ఒక మూల కూర్చుని, సాయంత్రం గీతకి తీపికల్లు పులియకుండా లొట్ల లోపల సున్నం పూస్తున్నారు. పని ఆపితే సారుకి భయపడ్డట్టుంటుందనో, ఆపకపోతే గౌరవం కాదనో తేల్చుకోలేక, మెల్లగా పూస్తున్నారు.

"మీరు చెప్పండి. ఈ కొట్టు మీద మీ అభిప్రాయం?" ఆదినారాయణ గారిని అడిగేడు సారు.

"బాగుంటాదండి."

"బాగుండడమంటే?"

"అంటే... బాగుంటాదండి. చల్లగా ఉంటాదండి. ఎవరూ ఏమీ అడగరండి."

"ఆ ముక్క మీ ఇంట్లో ఆవిడకి చెప్పండి బాబాయి గారూ" అని అరిచింది సూరమ్మ.

"చెప్పేనమ్మా. అందుకే ఇక్కడికొచ్చి కూర్చుంటన్నాను."

ఆడవాళ్ళు కూడా నవ్వేరు. సారు నవ్వలేదు. "ఇక్కడ పాక ఉండడం వల్ల పంటు దిగే ఆడవాళ్ళకి ఇబ్బందిగా ఉందని అర్జీ. రేవులోంచి తీసేయాలంటున్నారు" అన్నాడు.

"ఆయ్" అన్నారు ఆదినారాయణ గారు.

సారు రాసుకున్నాడు. తర్వాత ఇంకొకళ్ళని అడిగేడు. ఆయన బాగుంటాదన్నాడు. అర్జీ సంగతి చెప్తే ఆయ్ అన్నాడు. సారు రాసుకున్నాడు. అలా పదిమంది. కల్లు గురించి ఒక్కరూ చెడ్డ చెప్పలేదు. అర్జీకి అందరూ ఆయ్ అన్నారు.

సారు లేచి గోడ దగ్గరికెళ్ళి చదివేడు. ఫ్యాను లేదు కుర్చీ లేదు దగ్గర మొదటిసారి నవ్వేడు. తర్వాత వేలితో లెక్కపెట్టడం మొదలుపెట్టేడు.

"ఈయనెవరండీ, పదకొండుసార్లు ఇంక రానన్నాడు?"

పాపారావు భీమరాజు గారి వెనక్కి జరిగేడు.

"రానన్నవాడు కూడా వస్తున్నాడంటే కొట్టు మంచిదే అన్నమాట."

"అదేనండి బాబూ మా బాధ!" అంది సూరమ్మ. ఈసారి ఎవరూ నవ్వలేదు.

సారు వచ్చి కూర్చుని, ముందే రాయించి తెచ్చిన కాయితం తీసేడు. మా ఆయన వైపు తిరిగి చదివేడు. సదరు గీత కార్మికుడనైన నేను, నా వయసు రీత్యా, ప్రజాభిప్రాయాన్ని గౌరవించి, ఈ నెలాఖరుతో రేవు వద్ద గల పాకను మూసివేసి, చెట్ల గీత లైసెన్సును స్వచ్ఛందంగా తిరిగి ఇచ్చివేయుచున్నాను.

సారు ఆగిన చోటల్లా మా ఆయన "ఆయ్" అన్నారు. లొట్టి లోపల చెయ్యి తిరుగుతూనే ఉంది.

"అర్థమైందా?"

"ఆయ్."

"ఒప్పుకుంటున్నారా మరి?"

"ఆయ్."

భీమరాజు గారు గొంతు సవరించుకున్నారు. "ఉండండి సారూ. మీరు కొత్త. మా వైపు ఆయ్ అంటే విన్నామనీ కూడానండి. ఇందాకట్నుంచీ మీరు ఒప్పుకున్నట్టు రాసేసుకుంటున్నారేమో."

సారు కలం ఆపేడు. తను రాసిన పది పేర్లూ ఒకసారి చూసుకున్నాడు. "మరి ఒప్పుకోకపోతే ఏమంటారండీ మీరు?"

 ఆదినారాయణ గారు చెప్పేరు.

"అదీ ఆయ్ అనే అంటామండి. తర్వాత చెయ్యం. అంతే."

పాక గొల్లుమంది. దుంగల అవతల ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. సారు కూడా నవ్వి, జేబురుమాలుతో మొహం తుడుచుకుని, చుట్టూ చూసి, పొయ్యి దగ్గరున్న నన్ను చూసేడు.

"అమ్మా, మీకు చదువొచ్చంటున్నారు. ఇలా రండి." కాయితం నా చేతిలో పెట్టేడు. "చదవండి. చదివి మీరు చెప్పండి. ఆయన్ని నేను బలవంతపెట్టను. వద్దంటే వద్దని రాసుకుని వెళ్ళిపోతాను. ఇన్నేళ్ళు కాపరం చేసేరు కదా. మీ ఆయన అన్నది ఏ ఆయ్?"

చదివేను. స్వచ్ఛందంగా అనే మాట దగ్గర ఒత్తులు విడదీసుకోవడానికి కాస్త టైము పట్టింది. అర్థం తెలిసిందే. గోడ మీద ఎప్పుడూ ఎవరూ రాయని మాట.

మా ఆయన తల ఎత్తలేదు. లొట్టి అంచు చుట్టూ బొటనవేలితో సున్నం సమం చేస్తున్నారు. చొక్కా లేదు. ఛాతీ మీద గీరుకుపోయిన చోట కొత్త చర్మం గులాబీరంగులో మెరుస్తోంది. ఆ పైన పదిహేను చెట్లు. ఇంకో గంటలో గీతకి వేళవుతుంది.

నేను కాయితం మడిచి, సారు మొహంలోకి చూసేను.

"ఒప్పుకున్న ఆయ్ అండి" అన్నాను.

అప్పుడు తల ఎత్తేరు. సారు వైపు కాదు, నా వైపు.  లొట్టిని పగలకుండా జాగ్రత్తగా నేల మీద పెట్టి, తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని, లేచి వచ్చి, బొటనవేలు చాపేరు. వేలికి సున్నం పూర్తిగా పోలేదు. సిరాలో కలిసి ముద్ర బూడిదరంగులో పడింది. సారు తుడిపించి ఇంకోసారి వేయించేడు.

 సూరమ్మ ఏడుస్తోంది. ఎందుకో నాకు తెలీలేదు. గెలిచింది తనే కదా.

నెలాఖరు దాకా పాక నడిచింది. ఆఖరి రోజుల్లో వచ్చిన జనం ఎప్పుడూ రాలేదు. ఎదురుగా ఎన్నడూ ఒక మంచిమాట అనని వాళ్ళంతా చెప్పడం మొదలుపెట్టేరు. ఇలాంటి కల్లు గోదావరికి ఇటూ అటూ లేదని ఒకరు. తన పెళ్ళి కుదిరింది ఈ కుండ మీద కూర్చున్నప్పుడేనని ఒకరు. స్కూటరాయన కూడా వచ్చేడు. "అలవాటయ్యేసరికి మూసేస్తున్నారేంటండీ" అన్నాడు, కుండ మీంచి లేవకుండా. అన్నిటికీ మా ఆయన ఆయ్ అన్నారు. ఆ పది పేర్లలో ఒక్కరైనా, సారు అడిగినప్పుడు ఆ మాటే అర్జీకి జవాబుగా చెప్పి ఉంటే? నేను ఎవరినీ అనడానికి లేదు. నేనే ఉన్నాను కదా అందరికన్నా ముందు.

ఆఖరి సాయంత్రం పాపారావు బొగ్గుముక్క తీసుకుని గోడ ముందు నిలబడ్డాడు. చాలాసేపు నిలబడి, బొగ్గు తెచ్చి నా పొయ్యిలోనే పడేసేడు.

"రాయలేదేం పాపారావూ?"

"ఇప్పుడు రాస్తే నిజమైపోద్దండి పైడమ్మ గారూ."

అందరూ వెళ్ళేక, వెలుగుండగానే, మా ఆయన గోడ ముందు కూర్చున్నారు. "మొత్తం చదువు" అన్నారు.

చదివేను. మొదట మంచివి చదివి ఆగేను. "అన్నీ చదువే" అన్నారు. ఈగల సంగతి చదివేను. తడవడం సంగతి చదివేను. ఎండురొయ్యల్లో ఉప్పెక్కువ అని చదివేను.

"అది నాకు తెలుసు" అన్నారు.

"తెలిసి చెప్పలేదేం?"

"ఊఁ" అన్నారు.

అదే మొదలు. ఆ తర్వాత ఆయన నాతో ఆయ్ అనలేదు. ఊళ్ళో అందరికీ అన్నారు. మా ఇంటి ముందు ఆగి దారి అడిగిన వాళ్ళకి కూడా అన్నారు. నాకు మాత్రం ఊఁ. కోప్పడలేదు, అరవలేదు, అన్నం దగ్గర వంక పెట్టలేదు. ఎందుకలా చెప్పేవని ఒక్కనాడూ అడగలేదు. అడిగితే చెప్పడానికి నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. రోజూ దాన్ని మనసులో తిరగరాసుకునేదాన్ని. అడగనే లేదు.

ఆ ఏడాది దీపావళికి ముందు వచ్చిన తుఫానులో గోడ కరిగిపోయింది. పదిహేను చెట్లలో ఏడు పడిపోయేయి. గాలి తగ్గిన మర్నాడు ఆయన కోసం వెతుక్కుంటూ వెళ్తే, పడిన చెట్టు మొవ్వు దగ్గర కూర్చుని ఉన్నారు. ఎక్కితేనే గాని అందని తల ఆయన ఒళ్ళోకి వచ్చినట్టుంది. ఆ ఏడు తను గీసిన గెలల మీద చెయ్యి వేసి నిమురుతున్నారు. నన్ను చూసి లేచేరు. "పద" అన్నారు.

తర్వాత ఒక రొయ్యల చెరువు దగ్గర కాపలాకి కుదిరేరు. గట్టు మీద చాప, గొడుగు, నేల మీద పని. నేను కోరుకున్నది అదే. పొయ్యి ముందు కూర్చుని లెక్కపెట్టుకోవడానికి చెట్లు లేవు. అయినా పొద్దునా సాయంత్రం ఆ వేళకి నా ప్రాణం ఎందుకో కొట్టుకునేది. బయల్దేరేటప్పుడు "వస్తాను" అనేవారు. ఎక్కొస్తాననే మాట ఇంట్లో పోయింది. మోకు మాత్రం వాసానికి వేలాడేది. ఏడాదికోసారి దించి, నూనె రాసి, మళ్ళీ తగిలించేవారు. నేను చూడనట్టు ఉండేదాన్ని.

పాపారావు తాగడం మానలేదు. కోటిపల్లి వైపు కొట్టుకి వెళ్ళడం మొదలుపెట్టేడు. సూరమ్మ రేవులో కూర్చుని ఆఖరి పంటు కోసం చూసేది. నేను నీళ్ళకి వెళ్తే పక్కన చోటు చేసేది. "ఇక్కడుంటే కనపడేవోడే వదినా. ఇప్పుడు మధ్యలో గోదారి ఉంది" అంది ఒకసారి. నేను ఆయ్ అన్నాను.

తొమ్మిదేళ్ళు బతికేరు ఆయన. పడలేదు. ఎక్కడా దెబ్బ తగల్లేదు. రెండువేల అయిదు మాఘమాసంలో జ్వరం పట్టుకుని వదల్లేదు. అమలాపురం తీసుకెళ్ళి, అక్కడ డాక్టరు ఇంటికి తీసుకెళ్ళిపొమ్మంటే తీసుకొచ్చేను. మంచం కిటికీ పక్కన వేసేను. అక్కడి నుంచి భీమరాజు గారి గట్టు మీద మిగిలిన చెట్లు కనపడతాయి. చూసేరో లేదో తెలీదు.

ఒక మధ్యాహ్నం, గంజి తాగించి మూతి తుడుస్తూ అడిగేసేను. తిరగరాసుకున్న జవాబంతా పోయింది. ఉన్నది ఉన్నట్టు వచ్చింది.

"ఆ వేళ సారుకి అబద్ధం చెప్పేనండి. మీరు ఒప్పుకోలేదని నాకు తెలుసు. పడిపోతారని భయమేసి చెప్పేను."

కళ్ళు మూసుకునే ఉన్నారు. ఊపిరి ఆడుతోంది.

"నేను చేసింది సరైందేనంటారా?"

చాలాసేపు చూసేను. నిద్రపోయేరనుకుని గిన్నె తీసుకుని లేవబోతుంటే పెదాలు కదిలేయి.

"ఆయ్" అన్నారు.

తొమ్మిదేళ్ళ తర్వాత. నేను గిన్నె కింద పెట్టేసి, ఆయన మొహం మీదికి వంగి, కళ్ళు తెరిచి నా మొహంలోకి చూస్తారేమోనని అలాగే కూర్చున్నాను.